రెండో బెల్టు

ఈ కథలో తప్పు చేసింది నేను. మొదటి వాక్యంలోనే చెప్పేస్తున్నాను. చెప్పాల్సిన వాళ్లకు చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మీకైనా ఆ ఆలస్యం ఉండకూడదు.

మా ఇంట్లో మనుషులం ముగ్గురం. నేను, మా ఆయన భానుచందర్, మా అత్త పంకజాక్షి. మా కారులో పట్టేది ఇద్దరు. వెనక సీటు అని ఒకటుంది గానీ అందులో మా అత్తను కూర్చోబెట్టాలంటే ముందు ఆమెను మడతపెట్టాలి. ముప్పై ఆరేళ్ల కిందట జర్మనీలో తయారైన స్పోర్ట్స్ కారు అది. ఎర్రగా, నేలకు అతుక్కుని ఉంటుంది. మా వీధి మొదట్లో ఉన్న స్పీడు బ్రేకరును దాటడానికి ఏటవాలుగా, ఒక్కో చక్రమే ఎక్కించాలి. తిరుపతిలో టైల్స్ షాపు నడుపుకునే మనిషికి ఇలాంటి కారు ఎందుకని నేను అడగలేదు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మా ఆయన నాతో చెప్పకుండా చేసిన పని ఇదొక్కటే. అలాంటిది ఒకటి ఆయన ఖాతాలో ఉంటే ఎప్పుడైనా నాకు పనికొస్తుందని ఊరుకున్నాను.

ఆ కారు ఇంజన్ ముందు భాగంలో రబ్బరు బెల్టులు ఉంటాయి. అవి పాతబడ్డాయి. తెగితే ఇంజన్ మొత్తం పోతుంది, మార్చాలంటే చెన్నై తీసుకుపోవాల్సిందే అని వాట్సాప్ గ్రూపులో అందరూ అన్నారు. పాత కార్లున్న వాళ్ల గ్రూపు అది. చెన్నై, వేలూరు, చిత్తూరు, బెంగళూరు నుంచి అరవై నాలుగు మంది మగవాళ్లు, ప్రతి పొద్దున్నా ఒకరి కారుకు ఒకరు శుభోదయం చెప్పుకుంటారు. మా ఆయన మాత్రం చెన్నై అవసరం లేదు, పాల్ చేస్తాడు అన్నాడు.

పాల్‌ది పాకాల. ఇరవై ఎనిమిదేళ్లు ఇంకొకరి షెడ్డులో మెకానిక్‌గా చేసి, ఆరు నెలల కిందట చంద్రగిరి దాటాక రోడ్డు పక్కన సొంతంగా రేకుల షెడ్డు వేసుకున్నాడు. వచ్చేవన్నీ ఆటోలు, టమోటా ట్రేలు మోసే బండ్లు. పాత షెడ్డులో ఉన్నప్పుడు మా కారు బ్రేకులు బాగుచేసింది ఆయనే. ఆ చేతిని మా ఆయన మరిచిపోలేదు. పాల్‌ను ఫోటో తీసి గ్రూపులో పెట్టి, "మా చంద్రగిరి పాల్ అన్న బెల్టులు మారుస్తున్నాడు, ఇక మనం చెన్నై పోనక్కర్లేదు" అని రాశాడు. పదకొండు మంది నంబరు అడిగారు. పని అయ్యాక కారు ఎలా నడిచిందో చెప్పి ఇస్తానన్నాడు.

ఆ మాట పాల్‌కూ చెప్పాడు. అందుకే కాబోలు, శుక్రవారం పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. దాన్ని విప్పి మా తులసికోట పక్కన తీగ మీద ఆరేసి, పాత బనీనుతో పనిలోకి దిగాడు. కారును బయట పెట్టడం మా ఆయనకు ఇష్టం లేక, పనంతా మా ఇంటి పోర్టికోలోనే.

సాయంత్రం దాకా విప్పడమే సరిపోయింది. నాలుగింటికి కాఫీ ఇస్తే తాగి అడిగాడు.

"అమ్మా, గోళ్ల రంగు ఉండాదా ఇంట్లో?"

"ఏ రంగు కావాలి?" అన్నాను.

"ఎర్రదయితే బాగా కనబడతాది. గుర్తు పెట్టుకునేదానికి. బెల్టు తీసేటప్పుడు చక్రం యాడుందో గుర్తు పెట్టుకుంటే, రేపు కొత్తది ఆడనే కూర్చోబెట్టచ్చు. మా ఇంటిది కృపారాణి కాడ అడిగితే, ఇంజన్లకు పూసేదానికా నేను కొనుక్కునేది అనింది."

ఎప్పుడో ఎవరిదో పెళ్లికి కొన్న సీసా ఒకటి ఇచ్చాను. అందులో చిన్న కుంచెతో చక్రాల మీద ఒక్కో చుక్క పెట్టి, బెల్టులు తీసేసి, చేతులు కడుక్కుని, చొక్కా వేసుకున్నాడు.

"రేప్పొద్దున వస్తాను. అంతదాకా ఎవరూ దీంట్లో వేలు కూడా పెట్టొద్దండి. బెల్టు తీసిన ఇంజన్ ఇది. చక్రం ఒక పన్ను అటూ ఇటూ అయినా లోపలి సామాన్లు ఒకదాన్నొకటి కొట్టుకుని సచ్చిపోతాది."

మా ఆయన తల ఊపాడు. నేనూ ఊపాను. మా అత్త ఆ సమయానికి దేవుడి గదిలో ఉంది. ఆమె ఏ మాటకూ తల ఊపలేదు.

పాల్ బండి వీధి మలుపు తిరగ్గానే ఆమె బయటికి వచ్చింది. చేతిలో కుంకుమ భరిణె.

"అమలా, శుక్రవారం పూట కొత్త సామాను బండికి ఎక్కిస్తా ఉండారు. బొట్టు పెట్టినారా?"

"రేపు పెడదాం అత్తా. ఇంకా ఎక్కించలేదు."

"రేపు శనివారం. ఆ బెల్టుకు ఇప్పుడే ఒక బొట్టు పెట్టి రా. ఎంతసేపు?"

వాదించేంత తీరిక లేదు, కూర పొయ్యి మీద ఉంది. మా ఆయన షాపు మూసే వేళకని వెళ్లిపోయాడు. కొత్త బెల్టులు మూడు డబ్బాల్లో టేపు చుట్టి ఉన్నాయి. విప్పితే మళ్లీ అతికించాలి. కారు బానెట్టు విప్పి గోడకు ఆనించి ఉంది. పోర్టికోలో నా చెయ్యి అందేది ఒక్కటే, ఇంజన్ పక్కన అరచేయంత చక్రం. ఇనుముకు కుంకుమ పట్టదని, ఉంగరం వేలిని నువ్వుల నూనెలో ముంచి కుంకుమ అద్దుకున్నాను. మసి మీద బొట్టు పెట్టడం ఇష్టం లేక, ముందు ఎడమ చేత్తో గుడ్డ పెట్టి తుడవబోయాను.

చక్రం తిరిగింది.

గట్టిగా కాదు. నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిల్లినట్టు, తన బరువుకు తనే జారి, కిందికి పోయి ఆగింది. నేను కూడా ఆగాను. చప్పుడేమీ రాలేదు. కొట్టుకోవడాలు, చావడాలు వినపడలేదు. మొదలుపెట్టిన పని పూర్తి చేయడం నా బలహీనత. చక్రం నెత్తిన, సరిగ్గా నడి మధ్యలో బొట్టు పెట్టి లోపలికి వెళ్లి కూర దించాను. కళ్లద్దాలు పొయ్యి పక్కనే ఉన్నాయి. అవి పెట్టుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

శనివారం పాల్ కొత్త బెల్టులు ఎక్కించాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఆ చక్రం దగ్గర ఆగితే చెప్పేద్దామనుకున్నాను. ఆగలేదు. టార్చి వేసి, చూసి, తల ఊపి, బెల్టు ఎక్కించాడు. మధ్యాహ్నం రెండున్నరకు తాళం తిప్పితే ఇంజన్ మొదటి తిప్పుకే అందుకుంది. మా అత్త గుమ్మంలోంచి నా వైపు చూసింది, చూశావా అన్నట్టు.

ఇద్దరూ చంద్రగిరి దాకా పోయి వస్తామని వెళ్లారు. నలభై నిమిషాల్లో తిరిగొచ్చారు. దిగుతూనే పాల్ బానెట్టు దగ్గరికి పోయాడు.

"ఏమైంది?" అన్నాను.

"వణుకుతోంది," అన్నాడు మా ఆయన. "మెల్లగా పోతే తెలియదు. కొంచెం వేగం అందుకుంటే స్టీరింగు, సీటు, గేరు, అన్నీ. అద్దంలో వెనకొచ్చే బస్సు రెండు బస్సులుగా కనపడింది."

"ఇంతకు ముందు లేదా?"

"ఇంతకు ముందు ఉంటే ఇప్పుడు ఎందుకు చెప్తాను?"

పాల్ బానెట్టు ఎత్తి ఇంజన్ వైపు చూస్తున్నాడు. చూపు ఇంజన్ మీదుంది గానీ పెదవులు కదులుతున్నాయి, పొద్దుట్నుంచీ చేసినదాన్ని ఒక్కొక్కటే మళ్లీ చేసుకుంటున్నట్టు. నాకు శుక్రవారం నాటి మాట గుర్తొచ్చింది. ఒక పన్ను అటూ ఇటూ అయినా. నేను తిప్పింది ఎన్ని పళ్లు?

ఆదివారం పాల్ చర్చికి పోయాడు. మా ఆయన కారు చుట్టూ పదిసార్లు తిరిగాడు. రెండుసార్లు స్టార్ట్ చేశాడు. ఇంజన్ మోగిన ప్రతిసారీ నేను వంటింట్లో ఏదో ఒకటి పట్టుకుని నిలబడ్డాను. లోపల అది కొట్టుకుని చచ్చిపోయే చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలియదు కాబట్టి, ప్రతి చప్పుడూ అదేననిపించింది. కుక్కర్ విజిల్‌కు కూడా ఉలిక్కిపడ్డాను. చెప్పేద్దామని రెండుసార్లు గుమ్మం దాకా వచ్చాను. మొదటిసారి ఆయన షాపు వాళ్ల మీద ఫోనులో అరుస్తున్నాడు. రెండోసారి అరవడం లేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

సోమవారం పాల్ ఎనిమిదికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా లేదు.

"నిలబెట్టి తొక్కినా వణుకుతా ఉండాది సార్," అన్నాడు ఇంజన్ స్టార్ట్ చేసి చూసి. "అంటే టైర్లు కాదు, రోడ్డు కాదు." క్లచ్ తొక్కి చూశాడు. తేడా లేదు. "గేర్‌బాక్సూ కాదు." ఏసీని తిప్పే బయటి బెల్టు విప్పేసి ఒక నిమిషం నడిపాడు. వణుకు అలాగే ఉంది. నాలుగు ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటే పీకి పెట్టాడు. పీకినప్పుడల్లా ఇంజన్ కుంటింది, అంటే నాలుగూ పనిచేస్తున్నట్టే. కారు కిందికి దూరి, ఇంజన్ కూర్చున్న రబ్బరు దిమ్మల్ని టార్చి వేసి చూశాడు.

"ఇవి పోయింటే శుక్రవారం దాకా ఎట్లా ఊరుకునింటాది," అని తనలో తనే అనుకుని బయటికి వచ్చాడు.

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పాల్ అన్నా, మరి ఏం మారింది? బెల్టులు తప్ప ఇంకేం మార్చలేదు కదా."

"అవును సార్."

"అయితే బెల్టుల్లోనే కదా ఉండాలి."

"అవును సార్. కానీ ఇంజన్‌ను నడిపే మొదటి బెల్టు మూడుసార్లు చూసినాను. అది తప్పింటే ఇంజన్ ఇంత బాగా అందుకోదు."

నేను స్టీలు గ్లాసులో నీళ్లు తెచ్చాను, పాల్‌కు తాగడానికి. ఆయన తాగకుండా దాన్ని ఇంజన్ మీద చదునైన చోట పెట్టి, "సార్, కొంచెం తొక్కండి" అన్నాడు. ఇంజన్ మెల్లగా ఉన్నంతసేపు నీళ్లు కదల్లేదు. వేగం పెరిగేసరికి నీళ్ల మీద గుండ్రాలు లేచి, అంచు దాటి చిమ్మి, గ్లాసు నడుచుకుంటూ పోయి కింద పడింది.

నేను బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. మా నాయన ఫీజు కట్టినందుకు ఇన్నాళ్లకు ఒక్కటైనా పనికిరావాలి. పైగా మా ఇంట్లో వాషింగ్ మెషీన్ పదేళ్లుగా నాతోనే మాట్లాడుతోంది.

"పాల్, ఇది దేనిదో విరిగిన వణుకులా లేదు," అన్నాను. "మెషీన్‌లో దుప్పటి అంతా ఒక పక్కకు చేరినప్పుడు ఇలాగే ఊగుతుంది. బట్టలు బాగానే ఉంటాయి, మెషీన్ బాగానే ఉంటుంది. బరువు ఉండాల్సిన పక్క ఉండదు."

పాల్ నా వైపు చూశాడు.

"అదేనమ్మా రెండో బెల్టు చేసే పని," అన్నాడు. "ఇది పెద్ద ఇంజన్. దాని ఊపు సర్దేదానికి ఈ పక్క ఒక కడ్డీ, ఆ పక్క ఒకటి తిరగతాయి. కడ్డీలకు బరువు ఒకే పక్క ఉంటాది. ఇంజన్ ఇట్లా తోస్తే అవి అట్లా లాగతాయి. మొదటి బెల్టు ప్రాణం అనుకోండి, రెండోది మర్యాద. అది తప్పితే ఇంజన్ సావదు, నెమ్మదిగా మాత్రం ఉండదు."

ఇంజన్ చావదు. కానీ తన బరువుకు తనే జారిన ఆ చక్రం ఏ బెల్టుదో నాకు ఇప్పుడు తెలిసిపోయింది.

"అయితే బెల్టుల మీద బిగించిన కవరు ఒకసారి తీసి చూడకూడదా?" అన్నాను, గొంతు మామూలుగా పెట్టి.

"సగం పూట పనమ్మా. తీసినా ఏముంటాది? నా గుర్తు మీదనే కూర్చోబెట్టినాను. శనివారం పొద్దున వచ్చి చూసినాను, ఎర్రచుక్క యాడ పెట్టినానో ఆడనే ఉండింది. చక్రం మీద కంపెనీ గీతలు రెండున్నాయని, తికమక పడకూడదనే కదా నేను గోళ్ల రంగు అడిగింది."

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. "కాఫీ కలపనా?" అన్నాను.

వెళ్లే ముందు పాల్ మెట్టు మీద కూర్చుని చేతులు తుడుచుకున్నాడు. మా ఆయన లోపల ఫోనులో ఉన్నాడు. పాల్ నాతో చెప్తున్నట్టు కాదు, గుడ్డతో చెప్తున్నట్టు అన్నాడు.

"ఇరవై ఎనిమిదేండ్లు ఇంకొకరి పేరు కింద చేసినానమ్మా. తప్పయితే ఆయన పేరు పొయ్యేది, ఒప్పయితే ఆయన పేరు వచ్చేది. ఇప్పుడు బోర్డు మీద నా పేరు రాయించినాను. ఆరు నెల్లు కూడా కాలే. ఆ పదకొండు మందీ ఒక్కరు కూడా రాకపోయినా పర్లేదు, చెడగొట్టినాడంటే మాత్రం టమోటా బండ్లు కూడా రావు. కృపారాణి రెండు దినాలుగా నన్ను ఏమీ అడగడం లేదు. అడగకపోతేనే బయమేస్తా ఉండాది."

నాకు అన్నం సహించలేదు. మా అత్త మాత్రం రెండోసారి సాంబారు వడ్డించుకుంది.

మంగళవారం పొద్దున మా ఆయన షాపుకు పోలేదు. చెన్నైలో కృష్ణమూర్తి అని గ్రూపుకు పెద్ద ఉన్నాడు, ఆయనకు ఫోను చేసి స్పీకరు పెట్టాడు. కృష్ణమూర్తి అంతా విని, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా తీర్పు చెప్పేశాడు. బెల్టు పన్ను తప్పింది, ఇక స్టార్ట్ చేయొద్దు, లారీ మీద ఎక్కించి చెన్నై పంపు, టమోటా బండ్ల మెకానిక్‌కు ఇలాంటి కారు ఇవ్వడమే తప్పు.

ఫోను పెట్టేశాక మా ఆయన కారు పక్కన నిలబడి ఏదో టైపు చేశాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"ఏం రాస్తున్నారు?"

"ఉన్నదే." చదివాడు. "పాల్ చేసిన పని వల్ల నా ఇంజన్ పాడైంది. నేను చెప్పానని ఎవరూ ఆయనకు కార్లు ఇవ్వకండి. పొరపాటు నాదే."

"పంపకండి."

"పంపేశాను."

ఫోను ఆయన చేతిలో మోగింది. మళ్లీ మోగింది. అరవై నాలుగు మంది మగవాళ్లకు ఆ పొద్దున ఇంకేం పని లేనట్టుంది. ముందే చెప్పాం కదా అని ఒకరు, లోకల్ వాళ్లతో ఇంతే అని ఒకరు. అదే సమయానికి గేటు బయట పాల్ బండి ఆగింది. సంచి భుజానికి వేసుకుని, గేటు గొళ్లెం తీస్తూ, "సార్, రాత్రంతా ఆలోచన చేసినాను, అమ్మ చెప్పినట్టు కవరు ఒకసారి తీసేస్తాను" అన్నాడు.

మా ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. జేబులో కూడా అది మోగుతూనే ఉంది.

"ఆ చక్రం నేను తిప్పాను," అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"శుక్రవారం సాయంత్రం. తిప్పాలని కాదు. బొట్టు పెట్టబోయి తుడిచాను, అది తిరిగింది. తిరిగిన తర్వాత దానికి బొట్టు పెట్టాను. నువ్వు చూసింది నీ చుక్క కాకపోవచ్చు పాల్. నా కుంకుమ అయ్యుండొచ్చు."

మా అత్త లోపలి నుంచి వచ్చింది. ఆమెకు కావాల్సిన మాటలు ఎంత దూరం నుంచైనా వినపడతాయి.

"నేను బెల్టుకు పెట్టమన్నాను. చక్రానికి ఎవరు పెట్టమన్నారు?"

"బెల్టు డబ్బాలో ఉండింది అత్తా."

"డబ్బాకు పెట్టాల్సింది."

"నాలుగు రోజులా?" అన్నాడు మా ఆయన. "నాలుగు రోజులు తెలిసీ ఊరుకున్నావా?"

"మొదటి మూడు రోజులు ఇంజన్ చచ్చిపోతుందేమోనని భయం. నిన్నటి నుంచి మీరంటే భయం."

పాల్ సంచి దింపి, స్పానర్లు బయట పరిచి, పని మొదలుపెట్టాడు. ఆ తర్వాత మూడు గంటలు నేను మెట్టు మీదే కూర్చున్నాను. ఇంకెక్కడికైనా పోతే పారిపోయినట్టుంటుంది. మా ఆయన ఫోను అరగంటకోసారి తీసి చూసి లోపల పెట్టుకుంటున్నాడు. ఒకవేళ కవరు తీశాక అక్కడ పాల్ చుక్కే ఉంటే, వణుకు ఇంకెక్కడి నుంచో వస్తూ ఉంటే? అప్పుడు నేను ఒప్పుకున్నదీ దండగ, పాల్ పేరూ పోతుంది. నా తప్పు నిజంగా తప్పే అయ్యుండాలని మొక్కుకున్నది బహుశా నా జీవితంలో అదే మొదటిసారి.

ఒంటిగంటకు కవరు ఊడింది. పాల్ ఇంజన్‌ను శుక్రవారం నిలబెట్టిన చోటికే చేత్తో తిప్పి పెట్టి, టార్చి వేసి చూశాడు. చక్రం పైన ఎర్రచుక్క ఉంది. ఆయన గోటితో గీకి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నువ్వుల నూనె," అన్నాడు.

తర్వాత సంచిలోంచి చిన్న అద్దం తీసి, చక్రం కిందికి పెట్టి, లోపలికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచి అద్దాన్ని అలాగే పట్టుకుని నన్ను రమ్మన్నాడు. ఈసారి కళ్లద్దాలు పెట్టుకునే వెళ్లాను. చక్రం అడుగున, రేకు చాటున, నేనిచ్చిన గోళ్ల రంగు మెరుస్తోంది. పైన నా బొట్టు, కింద పాల్ చుక్క. సరిగ్గా సగం చుట్టు తేడా.

"యా వేలితో పెట్టినారమ్మా?"

"ఉంగరం వేలు."

"నడి మధ్యలో పెట్టినారు. కంపెనీ గీతకు ఒక నూలు కూడా తప్పలే. నేనయినా అంత సరిగ్గా పెట్టలేదు." నవ్వలేదు. ఒక్క క్షణం తర్వాత మా ఆయన వైపు తిరిగి, "సార్, అమ్మను ఏమీ అనొద్దు. బెల్టు తీసిన ఇంజన్ మీద గుడ్డ కప్పి కట్టకుండా పోయింది నేను. గీతలు రెండున్నప్పుడు ఏది పైన ఉండాలో పుస్తకంలో చూసుకోవాల. చుక్కను నమ్మినాను. అది నా తప్పే" అన్నాడు.

చక్రాన్ని సగం చుట్టు తిప్పి, బెల్టు మళ్లీ ఎక్కించి, మా ఆయన ఫోనులో పుస్తకం బొమ్మ పెద్దది చేయించి, గీతకు గీత సరిచూశాడు. నాలుగు గంటలకు ఇంజన్ అందుకుంది. గ్లాసుతో నీళ్లు నేనే తెచ్చాను. పాల్ దాన్ని ఇంజన్ మీద పెట్టి, సైగ చేశాడు. మా ఆయన తొక్కాడు. ఇంకా తొక్కాడు. నీళ్లు సన్నగా వణికాయి, అంతే. గ్లాసు పెట్టిన చోటే ఉంది. పాల్, నేను గ్లాసు వైపే చూస్తూ నిలబడ్డాం. మా ఆయన దిగి వచ్చి పాల్ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసేలోపే జేబులో ఫోను మోగింది.

అప్పుడు పాల్‌కు ఆ సంగతి చెప్పక తప్పలేదు. మా ఆయన చెప్పలేక, ఫోనే చేతికిచ్చాడు. పాల్ మెల్లగా, పెదవులు కదుపుతూ, పొద్దుటి మెసేజీ చదివాడు. కింద వచ్చినవి కూడా చదివాడు. కృష్ణమూర్తి రాసినదాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాడు. ఫోను తిరిగి ఇచ్చేసి స్పానర్లు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడే తీసేస్తాను అన్నా," అన్నాడు మా ఆయన. "చిన్న సమస్య, సరిపోయింది అని రాస్తాను."

"చిన్న సమస్య అంటే ఎవరిదనుకుంటారు?" అన్నాను. "యాభై మంది చదివేశారు. తీసేస్తే, మొహమాటానికి తీసేశాడనుకుంటారు. ఫోను ఇటివ్వండి."

"ఏం చేస్తావు?"

"మాట్లాడతాను."

"వొద్దమ్మా," అన్నాడు పాల్, తల ఎత్తకుండా. "మీ పేరెందుకు ఆడ. అంతా మగోళ్లు. నవ్వుకుంటారు."

"నవ్వుకోనీ. వాళ్లు నవ్వితే నాకు పోయేదేముంది? నా దగ్గరికేమీ ఎవరూ కార్లు తేరు కదా."

ఫోనులో మైకు బొమ్మ నొక్కి పట్టుకున్నాను. మా అత్త గుమ్మంలోనే కూర్చుని ఉంది, ఏ మాటా తప్పిపోకుండా. "నమస్కారం. నేను భానుచందర్ గారి భార్య అమలను," అన్నాను. బొట్టు గురించి చెప్పాను. పాల్ ముట్టుకోవద్దని చెప్పి వెళ్లిన సంగతి, నేను ముట్టుకున్న సంగతి, నాలుగు రోజులు చెప్పని సంగతి చెప్పాను. ఇంజన్ లోపల ఏదీ పాడు కాలేదని, పాల్ ఒక్కొక్కటే కాదని తేల్చుకుంటూ వచ్చి, తన చుక్కను తనే అనుమానించి మళ్లీ విప్పాడని చెప్పాను. గీతలు పుస్తకంలో చూడనిది మాత్రం తన తప్పేనని ఆయన అన్నాడని కూడా చెప్పాను. అది చెప్పకపోతే పాల్ ఊరుకునేలా లేడు. "ఈ రోజు పొద్దున వచ్చిన మెసేజీ మా ఆయన రాసింది, కారణం నేను," అని వేలు తీసేశాను. రెండు నిమిషాల పదకొండు సెకన్లు వచ్చింది.

పొద్దున అంత చురుగ్గా ఉన్న గ్రూపు, ఒక్కసారిగా అందరికీ పనులు గుర్తొచ్చినట్టు నిశ్శబ్దమైపోయింది. తర్వాత నవ్వు బొమ్మలు వరసగా నాలుగు వచ్చాయి. పాల్ అవి చూడలేదు. నేను చూశాను, మా ఆయన చూశాడు. ఇంకో బొమ్మ వచ్చింది. కృష్ణమూర్తి ఏదో రాస్తున్నట్టు కనపడి, ఆగిపోయాడు.

పాల్ చేతులు కడుక్కుని, సంచి కట్టుకుని, వెళ్లొస్తానని చెప్పడానికి నిలబడ్డాడు. ఆ పూట ఆయన్ను అలా పంపడం నా వల్ల కాలేదు. "కాఫీ తాగి పోదువు," అన్నాను. ఆయనకూ తెలుసు, నేను కాఫీ కోసం అనడం లేదని. మెట్టు అంచున కూర్చున్నాడు.

పాలు పొంగే లోపల మా ఆయన పిలిచాడు.

"చిత్తూరు జయరావు. నంబరు పంపమంటున్నాడు. ఆయన కారు కూడా నాలుగేళ్లుగా వణుకుతోందట. చెన్నైలో రెండుసార్లు చూపించాడట, అలవాటు చేసుకోమన్నారట."

పాల్ లేచి నిలబడ్డాడు. మొహంలో సంతోషం కోసం వెతికాను. కనపడలేదు.

"ఏం కారు సార్?"

మా ఆయన పేరు చెప్పాడు. పాల్ ఆ పేరును ఒకసారి తనూ పలికి చూసుకున్నాడు.

"ఆ ఇంజన్ నేను ఎప్పుడూ ఇప్పలేదే," అన్నాడు. గుడ్డ తీసుకుని, కడుక్కున్న చేతుల్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు. "రమ్మని చెప్పండి సార్. చెన్నైలో ఏమేం విప్పినారో అన్నీ రాసుకుని రమ్మనండి. పుస్తకం ఉంటే ఒక దినం ముందే పంపించమనండి."